శాస్త్రకథనము – విశ్వవిద్యాలయ ధర్మము

శాస్త్రమును పండితులకు బోధించుట ఒక పని. దానినే సామాన్యులకు కథగా చెప్పుట వేరొక పని. రెండవది మొదటిదానికన్న తక్కువదను భావము విశ్వవిద్యాలయములలో నేటికిని బలముగా నున్నది. ఇది మన సంప్రదాయమునకు విరుద్ధము. 1150లో లీలావతిని రచించిన భాస్కరాచార్యుడు తుమ్మెదలను, హంసలను, నెమలిని, పామును లెక్కలలోనికి తెచ్చెను. అందువలన గణితమునకు గౌరవహాని కలుగలేదు. ఆ గ్రంథము శతాబ్దులపాటు పాఠ్యమై నిలిచినది.

ఆధునిక కాలమున జయంత్ విష్ణు నార్లీకర్ జీవితము ఇందుకు చక్కని నిదర్శనము. కేంబ్రిడ్జిలో ఆయన గురువైన ఫ్రెడ్ హోయల్ నవలాకారుడు, రేడియో వక్త కూడ. హోయల్ తాను అంగీకరింపని సృష్టివాదమును 1949లో బి.బి.సి. శ్రోతలకు వివరించుచు వాడిన 'బిగ్ బ్యాంగ్' అను మాటయే తరువాత పారిభాషిక పదమైనది. శిష్యుడు 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు పోటీకి మారుపేరుతో కథ పంపి బహుమతి పొందిరి. 1988లో పుణె విశ్వవిద్యాలయ ప్రాంగణమున వెలసిన అంతర్విశ్వవిద్యాలయ ఖగోళ కేంద్రమునకు స్థాపక సంచాలకులైన పిదపను కథారచన మానలేదు. సంతకము కోరిన పిల్లలను పోస్టుకార్డుపై ఒక ప్రశ్న వ్రాసి పంపుమని, సమాధానముతోపాటు సంతకము పంపెడివారు. 1996లో యునెస్కో కళింగ బహుమతి, 2014లో మరాఠీ ఆత్మకథకు సాహిత్య అకాడమీ పురస్కారము ఆయనకు లభించినవి. 2025లో కీర్తిశేషులైన ఆయనలో పరిశోధకునికిని కథకునికిని వైరము కానరాదు.

కథ వలన శాస్త్రము పలుచనగునని కొందరి ఆక్షేపము. పలుచనయగుట కథాదోషము కాదు, చెప్పువాని విషయజ్ఞాన లోపము. కనుకనే ఈ పని విషయమెరిగిన చోట, అనగా విశ్వవిద్యాలయమున, జరుగవలెను.

తెలుగున 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశములను సమకూర్చినది. కాని పదము బ్రతుకునది కోశమున కాదు, వాడుకలో. 'విశ్వరూపం', 'నరావతారం' వంటి గ్రంథములను తెలుగువారికిచ్చిన నండూరి రామమోహనరావు పత్రికాసంపాదకులేగాని ఆచార్యపదవిలోని వారు కారు. ఇది ఆయనకు కీర్తి, విశ్వవిద్యాలయములకు హెచ్చరిక.

మాతృభాషలోని శాస్త్రకథనమును పదోన్నతికి గణింపనిదే యువ అధ్యాపకుడు దానికి కాలము వెచ్చింపడు. ప్రతి విశ్వవిద్యాలయమున అందుకొక అధ్యాపకపదవి ఏర్పడవలెను. ప్రాచ్యకళాశాలలకును ఇందు భాగమున్నది. వైజ్ఞానికునికి అర్థము తెలియును. భాషాప్రవీణునికి శబ్దము తెలియును. ఈ ఇరువురు కలసి కూర్చున్ననాడే తెలుగు బాలునికి నక్షత్రము తన భాషలో కనబడును.