గ్రీకు షష్ఠియు మన “యొక్క”యు

భాషాంతరీకరణము చేయు మన బాలురకు ఒక దురభ్యాసము కలదు. ఇంగ్లీషున “ఆఫ్” కనబడినతోడనే “యొక్క” అని వ్రాసి పని తీరినదని తలంతురు. వారిని నిందించుటకు నాకు నోరాడదు. శిక్షణకళాశాల విడిచిన పిమ్మట ఒక పెద్దవారియొద్ద ప్రాచీన గ్రీకు నేర్చుకొను దినములలో నేనును అట్లే చేసితిని. “ఫొబొస్ తోన్ పొలెమియోన్” అను మాటలకు “శత్రువులయొక్క భయము” అని వ్రాయగా, “భయపడినవారెవరు? శత్రువులా, శత్రువులను చూచినవారా?” అని ఆయన యడిగిరి. నేను నిరుత్తరుడనైతిని. ఆ గ్రీకుమాటలు రెండర్థములకును చెల్లును. నా “యొక్క” ఒకదానిని మ్రింగివేసినది.

గ్రీకున షష్ఠి సొత్తును మాత్రమే తెలుపునది కాదు. “పొల్లోయ్ తోన్ స్త్రతియోతోన్” అనగా సైనికులలో అనేకులు. బాలవ్యాకరణము “లో” అను ప్రత్యయమును షష్ఠియందే చేర్చినది గనుక ఇది మనకు క్రొత్త గాదు. “మెయ్‌జోన్ తూ పత్రొస్” అనగా తండ్రికంటె పెద్దవాడు. పూర్వపు పంచమి గ్రీకున షష్ఠిలో లీనమైపోయినందున, మనము “కంటె” అనుచోట వారు షష్ఠిని వాడుదురు. “నుక్తొస్” అను ఒక్క షష్ఠ్యంతపదమునకే రాత్రివేళ అని యర్థము. “హేలియూ అనతెల్లొంతొస్” అనగా సూర్యుడుదయించుచుండగా. సంస్కృతమున నిట్టిచోట సప్తమి వచ్చును. స్మరించుట, ఏలుట అను క్రియల కర్మమును గ్రీకువారు షష్ఠిలో నుంతురు. పాణినియు నట్టి క్రియలకు షష్ఠిని చెప్పియున్నాడు. ఇన్ని పనులు చేయు విభక్తికి ఒక్క “యొక్క”ను బదులు నిలుపుట న్యాయమా?

ఇది వ్యాకరణపండితుల తగవు మాత్రమే యని తలంపరాదు. క్రొత్తనిబంధనలో “అగపే తూ థెయూ”, అనగా దేవుని ప్రేమ, అను మాటలు పలుమారు వచ్చును. రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయాంతమున అది దేవుడు మనలను ప్రేమించుట. యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయమున మనము దేవుని ప్రేమించుట. మొదటిది మనము పొందునది, రెండవది మనము చేయవలసినది. ఈ భేదమెరుగని చదువరి తన విధిని వరమనియైనను, వరమును విధియనియైనను పొరబడును.

అట్లయిన ప్రతిచోటను అర్థమును విడదీసి వ్రాయవలెనా యని యడుగుదురేమో. అక్కరలేదు. మన తెనుగునకు ఆ శక్తి సహజముగానే కలదు. “దొంగల భయము” అని పల్లెలలో అందురు. భయపడువారు దొంగలు గారని పసివారికిని తెలియును. దానినే “దొంగలయొక్క భయము” అని వ్రాసిచూడుడు. పాపము, దొంగలే వణకుచుందురు! సందర్భము అర్థమును తేల్చినచోట స్పష్టముగా వ్రాయుడు. తేల్చనిచోట “యొక్క”ను విడిచి, మూలమునందలి రెండర్థములను నిలువనిండు.

కాబట్టి బాలురారా, షష్ఠి కనబడినప్పుడు ప్రత్యయమును వెదకుటకు ముందు “ఎవరు? ఎవరిని?” అని ప్రశ్నించుకొనుడు. నా గురువు నన్నడిగిన ఆ చిన్న ప్రశ్నయే నాకు గ్రీకుతోబాటు తెనుగును గూడ నేర్పినది.