గృహ విజ్ఞానము: అల్యూమినియమునకు త్రుప్పు లేదా?



కృష్ణానది సముద్రమున గలియు హంసలదీవికి చేరువనున్న కోడూరు ప్రాంతపు గృహిణులకు ఉప్పును గూర్చి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. గాలియందు నుప్పు, పెక్కుచోట్ల బావినీటియందును ఉప్పు. ఇనుప గడియ త్రుప్పుపట్టుట అందఱు నెఱిగినదే. కాని అల్యూమినియమునకు త్రుప్పు లేదను నమ్మకము మనలో నింకను గలదు. దీనివలన గిన్నెలేగాక, జీవనాధారమైన ట్రాక్టరులు, పడవ యింజనులు సయితము చెడుచున్నవి. మరమ్మతునకు ఇంటి సొమ్మే గదా వ్యయమగునది!

అల్యూమినియముపై గాలి తగిలినంతనే కంటికి గానరాని సన్నని పొర యేర్పడును. అదియే దానికి కవచము. ఉప్పునీరు ఆ కవచమును అక్కడక్కడ ఛేదించి గుంటలు పెట్టును. ఆ తడిలో రాగిగాని, ఇత్తడిగాని, ఉక్కుగాని తగిలియున్నచో కీడు మఱింత హెచ్చును. రెండు లోహములును, నడుమ నుప్పునీరును గలిసి చిన్న బ్యాటరీవలె పనిచేయును. అందు కరగిపోవునది అల్యూమినియమే. రెండు లోహముల స్పర్శచే మృతమైన కప్పకాలు కదలుటను గాల్వానీ యను ఇటలీ పండితుడు 1791లో ప్రకటించెను. ఈ క్షయమునకు ఆయన పేరే నిలిచినది. బలమునకై రాగి కలిపిన అల్యూమినియపు మిశ్రలోహములలో నీ శత్రువు లోపలనే కాపురముండును.

ఈ క్షయమును మందగింపజేయు రసాయనములు గలవు. సిలికేటులు లోహముపై పొరగా నిలిచి కవచమునకు తోడగును. సీరియము లవణములు రాగి యున్నచోట పేరుకొని విద్యుత్ప్రవాహమున కడ్డుపడును. క్రోమేటులు చిరకాలము విమానములను రక్షించినవి. కాని అవి కాన్సరు కలిగించునని తేలుటచే వానిని క్రమముగా మానుచున్నారు.

రేడియేటరులో పోయు కూలెంటునందు ఇట్టి నిరోధకములే యుండును. అది తరిగినపుడెల్ల బావినీరు పోయుట కొందఱి యలవాటు. ఉప్పు చేరుట యొక కీడు; మందు పలుచబడుట రెండవ కీడు. కొన్ని నిరోధకములు చాలినంత లేనిచో త్రుప్పును కొద్దిచోట్లకే మళ్లించి లోతైన రంధ్రములు పెట్టించును. కావున తయారుచేసినవారు చెప్పిన కూలెంటును, చెప్పిన పాళ్లలో, డిస్టిల్డు నీటితో కలిపి పోయింపుడు. గడువు దాటకుండ మార్పింపుడు.

పడవ యింజనును వేట ముగియగానే మంచినీటితో కడిగింపుడు. దానికి బిగించిన జింకు ముక్క తాను కరగి అల్యూమినియమును కాచును గనుక, దానికి రంగు పూయనీయకుడు. అరిగినపుడు క్రొత్తది వేయింపుడు.

వంటింట మాత్రము ఈ మందులు పనికిరావు. సత్తుగిన్నెలో చింతపండు పులుసును, ఊరగాయను నిలువయుంచకుడు. ఇత్తడి గరిటెను అందులో వదలకుడు. చాకలిసోడాతో తోమకుడు. మంచినీట తొలిచి, తడి లేకుండ తుడిచి బోర్లింపుడు. ఇంతకుమించిన నిరోధకము వంటింటికి అక్కఱలేదు.