బడికి తాళం పడినా చదువు ఆగకూడదు: అనంతగిరి సాయంత్రపు బడుల ప్రణాళిక

సూర్యాపేట జిల్లా అనంతగిరి మండలం ఊళ్లలో సాయంత్రపు బడులు నడపాలని కూడిన వాళ్లం మేము. మాలో ఉపాధ్యాయులున్నారు, డిగ్రీ పూర్తిచేసి ఊళ్లోనే ఉంటున్న యువతీయువకులున్నారు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ఉన్నారు, పొద్దంతా కూలికి పోయి వచ్చే తల్లిదండ్రులున్నారు. మా మాట ఒక్కటే. మహమ్మారి వచ్చి బడికి తాళం పడిన రోజున కూడా తన పిల్లల చదువుకు ఊరు పూచీ పడాలి. ఆపద మీదికొచ్చాక మొదలుపెడితే ఆ పని కాదు. ఇప్పుడే మొదలుపెట్టి, ఏడాది పొడవునా నడుపుతూ ఉంటేనే ఆ రోజుకు అక్కరకొస్తుంది.

మేము చూసింది

2020 మార్చి 16 నుంచి రాష్ట్రంలో బడులు మూతపడ్డాయి. ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ నుంచి కరోనా కేసులు పెరుగుతుంటే జిల్లా అంతా హడలిపోయింది. రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర రాష్ట్రాల సరిహద్దులో రాకపోకలు నిలిచాయి. ఆ రోజుల్లో ప్రాణం దక్కితే చాలనుకున్నాం. అది న్యాయమే. కానీ నెలలు గడిచేకొద్దీ చేయిజారుతున్నదేమిటో తెలిసొచ్చింది. తొమ్మిది, పది తరగతులు 2021 ఫిబ్రవరి 1న తెరిచారు, ఆ నెలాఖరులో ఆరు నుంచి ఎనిమిది తెరిచారు, మార్చి 24న అన్నీ మళ్లీ మూశారు. ప్రైమరీ పిల్లలకైతే 2021 సెప్టెంబర్ 1 దాకా బడి గడప తొక్కే వీలే లేదు. అంటే 2020లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న బిడ్డ, తొలిసారి తరగతి గదిలో కూర్చునేసరికి రెండో తరగతిలో ఉంది.

టీవీ పాఠాలు 2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరిలో, టి-శాట్‌లో మొదలయ్యాయి. ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని కనిపెట్టుకున్నారు. ఆ శ్రమను మేము మరువం. అయితే ఆ పాఠాలు మూడో తరగతి నుంచి పదో తరగతి వరకే. అక్షరాలు దిద్దాల్సిన ఒకటి, రెండు తరగతుల పిల్లలకు అవీ లేవు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను నాన్న జేబులో పనికి వెళ్లి రాత్రికి గానీ ఇల్లు చేరేది కాదు. అమ్మతో పాటు పత్తి చేలకు, మిరప తోటలకు నడిచిన పిల్లల్లో కొందరు తిరిగి బడికి రాలేదు.

2022లో జరిగిన అసర్ సర్వే తెలంగాణ పల్లెల్లో మూడో తరగతి పిల్లల చదువును లెక్కగట్టింది. రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 2018లో 18.1 శాతం ఉంటే, 2022లో 5.2 శాతం. ఈ అంకె వెనక ఉన్నదేమిటో పిల్లల పక్కన కూర్చున్న మాకు తెలుసు. "చెట్టు" అని ఉన్నచోట "చెటు" అని, "అన్నం" అని ఉన్నచోట "అనం" అని చదువుతారు. అక్షరం వచ్చు, ఒత్తు రాదు. 52లోంచి 27 తీయమంటే 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు గనుక ఏడులోంచి రెండు తీసేస్తారు. ఆ మెట్టు దగ్గర చేయి పట్టుకోవాల్సిన ఏడాదిలో ఆ పిల్లల పక్కన ఎవరూ లేరు. వాళ్లు తరగతులు దాటుకుంటూ హైస్కూలు దాకా వచ్చేశారు, ఆ ఒత్తు మాత్రం వెనకే ఉండిపోయింది.

మా నేల ఇచ్చిన దారి

సర్కారు బడి అందని కాలంలో ఊరే చదువుకు పూనుకోవడం ఈ నేలకు కొత్త కాదు. మా పక్కనే ఉన్న నడిగూడెం మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు ఉన్న చోటు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసిందంటే ఆయన అండ అందులో ఉంది. ఆయన దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా మండలి ద్వారా శాస్త్రాన్ని, చరిత్రను తెలుగులో సామాన్యుడి చేతికిచ్చారు. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ కూడింది మా చిలుకూరులోనే. తల్లి భాషలో చదువు కావాలని పట్టుబట్టిన సభ అది. ఆ వారసత్వం మీద నిలబడి ఈ సూత్రాలు ప్రకటిస్తున్నాం.

మా సూత్రాలు

1. చదువు హక్కు, దయాధర్మం కాదు. 2009 విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల ప్రతి బిడ్డకూ ఆ హక్కునిచ్చింది. కాబట్టి సాయంత్రపు బడిలో ఫీజు ఉండదు. కులం, మతం, సర్కారు బడా ప్రైవేటు బడా అన్న తేడా ఉండదు. వలస కూలీల పిల్లలు నెల రోజులే ఊళ్లో ఉన్నా ఆ నెలంతా వాళ్లు మా పిల్లలే.

2. సాయంత్రపు బడి పగటి బడికి తోడు. దానికి పోటీ కాదు, ట్యూషను అంతకన్నా కాదు. పగటి బడి పంతులు చెప్పినదాన్ని ఇక్కడ గట్టిపరుస్తాం. ప్రభుత్వం 2022 ఆగస్టులో మొదలుపెట్టిన తొలిమెట్టు కార్యక్రమం ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉందో చూసి చెప్పమంటుంది. మేమూ అదే పద్ధతిలో, తరగతిని బట్టి కాక వచ్చినదాన్ని బట్టి పిల్లల్ని జట్లు కడతాం. ఆరో తరగతి బిడ్డ గుణింతాల దగ్గర ఆగితే అక్కడినుంచే మొదలుపెడతాం, ఎవరిముందూ చిన్నబుచ్చం.

3. ప్రాణం ముందు. అంటువ్యాధి రోజుల్లో పాఠం ఆరుబయటే: బడి వసారాలో, చెట్టు నీడన, రైతువేదిక ముందు. పదిమందికి మించని జట్టు, ఒకే వీధి పిల్లలు, ఆ జట్టుకు ఒకే టీచరు. సబ్బు, నీళ్లు, మాస్కు ఉంటేనే పాఠం. జ్వరమున్న పిల్లలు గానీ టీచరు గానీ ఇంటిపట్టునే ఉంటారు, వాళ్ల దగ్గరికి పని కాగితం వెళ్తుంది. ఆశా కార్యకర్త ఆపమంటే ఆ రోజు ఆపేస్తాం.

4. ఫోను లేదని ఏ బిడ్డా వెనకబడకూడదు. ముద్రించిన పని కాగితం, నోటు పుస్తకం, పక్కన కూర్చునే మనిషి. మా పాఠానికి ఇవే ఆధారం. టీవీ, ఫోను వీటికి తోడుగా వస్తే సంతోషం.

5. ఆకలి మీద పాఠం ఎక్కదు. బడి మూసిన రోజున మధ్యాహ్న భోజనం, దానితో వచ్చే గుడ్డు కూడా ఆగిపోతాయి. 2020 మార్చి 18న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తాను విచారణకు తీసుకుంది. 2013 ఆహార భద్రతా చట్టం ఇచ్చిన ఈ భోజనం మూతపడిన రోజుల్లోనూ పిల్లల ఇళ్లకు చేరాలని పంచాయతీతో కలిసి పట్టుబడతాం.

6. బడి మానిన ఆడపిల్ల ఇంటికి ముందు వెళ్తాం. చదువు ఆగిన ఇంట పెళ్లి మాట లేస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లకు పెళ్లి 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం. తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడతాం, అవసరమైతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేస్తాం. కూలికి పోతున్న పిల్లల విషయంలోనూ అంతే.

7. పాఠం చెప్పడం పని, పనికి ప్రతిఫలం ఉండాలి. విద్యా వాలంటీర్లు, ప్రైవేటు బడుల టీచర్లు కరోనాలో జీవనోపాధి పోగొట్టుకుని పడ్డ పాట్లు చూశాం. 2021లో ప్రైవేటు టీచర్లకు ప్రభుత్వం నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. మా ఊరి యువత సేవాభావాన్ని గౌరవిస్తాం గానీ వాళ్లను ఊరికే వాడుకోం. గౌరవ వేతనానికి నిధి కూడగడతాం.

8. లెక్క ఊరి ముందు పెడతాం. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంతమంది ఒత్తులు నేర్చారు, ఎంతమంది బడికి తిరిగొచ్చారు అన్నది గ్రామసభలో చదివి వినిపిస్తాం.

మేము కోరేది

పంచాయతీలు సాయంత్రం నాలుగున్నర తర్వాత బడి వసారా గానీ రైతువేదిక గానీ తాళం తీసి ఇవ్వాలి, ఒక లైటు, తాగునీళ్లు ఏర్పాటు చేయాలి. విద్యాశాఖ పని కాగితాలు అచ్చువేసి ఇవ్వాలి. మరోసారి బడులు మూయాల్సివస్తే చిన్న తరగతుల్ని అన్నిటికన్నా చివర మూసి, అన్నిటికన్నా ముందు తెరవాలి. చదువుకున్న మా ఊరి వాళ్లు హైదరాబాద్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా, పండక్కి వచ్చినప్పుడు ఒక సాయంత్రం పిల్లలతో కూర్చోవాలి.

అమ్మలారా, అయ్యలారా! కూలి నుంచి అలిసి వస్తారని మాకు తెలుసు. పాఠం చెప్పమని మిమ్మల్ని అడగడం లేదు. సాయంత్రం పిల్లను పనికి ఆపకుండా పంపండి. ఇంటికొచ్చాక ఈ రోజు ఏం చదివావని అడిగి, ఒక్క పేజీ పైకి చదివించుకుని వినండి. అక్కల్లారా, అన్నల్లారా, తమ్ముళ్లారా! మీ వీధిలో పదిమంది పిల్లలున్నారు. రోజుకు గంటన్నర ఇవ్వండి. మళ్లీ ఆపద వస్తే ఈ మండలంలో ఏ బిడ్డా చదువుకు దూరం కాకుండా మనందరం కలిసి నిలబడదాం. రేపు సాయంత్రమే వచ్చి జట్టులో పేరు రాయించుకోండి.