పదుమూడవ నెల

సంవత్సరమునకు పండ్రెండు నెలలని బాలశిక్ష చదువు పిల్లలును ఎరుగుదురు. అయినను చేతిఫోనుకు రీచార్జి చేయించు గృహస్థునకు మాత్రము ఏటికి పదుమూడు నెలలు. ఏలయన, మనము నెల పథకమని వాడుకగా ననునది తరచుగా 28 దినములకే ముగియును. అట్టివి 13 చేరినగాని 364 దినములు కావు. రీచార్జికి 300 రూపాయలనుకొందము. ఏటికి 3,600 గాక 3,900 రూపాయలగును. ఇంట నాలుగు ఫోనులున్నచో నెక్కుడు వ్యయము 1,200 రూపాయలు.

2024 జూలైలో కంపెనీలు ధరలు పెంచినమాట నిజమే. కాని నిందించుటవలన వ్యయము తగ్గదు. లెక్క చూచుటవలన తగ్గును. ప్రతి కంపెనీయు 30 దినముల పథకమొకటియైన నుంచవలెనని నియంత్రణ సంస్థయగు ట్రాయి 2022లో ఆజ్ఞాపించెను. ఇంటర్నెట్టు లేక, మాటలకును సందేశములకును మాత్రమే పనికివచ్చు పథకము నుంచవలెననియు, దాని గడువు 365 దినములవరకు నుండవచ్చుననియు 2024 డిసెంబరులో విధించెను. ఇట్లుండగా, మాటలాడుట తప్ప మరేమియు నెరుగని అవ్వ ఫోనుకు సయితము దినదినము ఇంటర్నెట్టు కొనుట యేల? వాడని దినభాగము సాధారణముగా మరునాటికి నిలువదు గదా! ఇంట బ్రాడ్‌బ్యాండు ఉన్నవారికి ఫోనులో చిన్న పథకమే చాలును.

విద్యార్థులారా, గణితము పరీక్షకొరకే కాదు. ఇంటనున్న ప్రతి ఫోనునకు పథకమేది, గడువెంత, దినమునకు వాడుకయెంత యని కాగితముపై వ్రాసి, ధరలు పోల్చి, తలిదండ్రులకు చూపుడు. మీ వాడుకను మొదట వ్రాయుడు. ఆ పదుమూడవ నెల సొమ్మును సంపాదించుటకు మీ తండ్రి యెన్ని దినములు కష్టపడెనో అప్పుడు మీకే తెలియును.