జారితే వేగమా, పట్టు నిలిస్తే వేగమా?

మలుపులో కారును జారనిస్తే వేగంగా పోతుందా, జారకుండా పట్టు నిలుపుకొంటే వేగంగా పోతుందా అన్న తగవు మా ఇంట కొన్ని నెలలుగా నడుస్తున్నది. వాది మా మనుమడు, ప్రతివాదులు అతని మిత్రులు. ముప్పై యేళ్ళకు పైగా ఛందస్సూ వ్యాకరణమూ చెప్పి విశ్రాంతి తీసుకొంటున్న తెలుగు పంతులుకు ఈ కారు పందేల గొడవ ఎందుకని బ్లాగ్మిత్రులు నవ్వుకొనవచ్చు. నవ్వుకొన్నా సరే, నా మనవి వినండి. ఒక మాటకు అర్థం తేల్చుకొనకుండా వాదానికి దిగితే ఏమవుతుందో చూపడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ఆ మాట ‘వేగం’.

ముందుగా పదాల సంగతి. డ్రిఫ్టింగ్ అంటే వెనుక చక్రాల పట్టును కావాలనే తప్పించి, కారును అడ్డంగా జారనిస్తూ, స్టీరింగును మలుపుకు ఎదురు దిశగా తిప్పి, యాక్సిలరేటరుతో ఆ జారుడును అదుపులో ఉంచుతూ మలుపు దాటడం. గ్రిప్ డ్రైవింగ్ అంటే దారి తిన్నగా ఉండగానే బ్రేకు వేసి, వెలుపలి అంచు నుండి లోపలి అంచును తాకి, మళ్ళీ వెలుపలి అంచుకు చేరే గీతమీద, టైరు పట్టు తప్పకుండా సాగిపోవడం. పొడి తారురోడ్డు మీద ఈ రెండవదే వేగవంతమైనదని నా నిశ్చితాభిప్రాయం. మట్టిమీద, మంచుమీద జవాబు వేరు. ఆ సంగతి తరువాత చెబుతాను.

కారణం టైరులోనే ఉన్నది. మలుపు తిరిగేటప్పుడు టైరు చూసే దిక్కుకూ, అది నిజంగా నడిచే దిక్కుకూ నడుమ చిన్న కోణం ఏర్పడుతుంది. దానిని స్లిప్ కోణం అంటారు. ఆ కోణం పెరిగేకొద్దీ కారును మలుపులోకి లాగే బలం కూడా పెరుగుతుంది. మామూలు రోడ్డు టైర్లకు సుమారు 6 నుండి 10 డిగ్రీల దగ్గర అది పరాకాష్ఠకు చేరుతుంది. ఆపైన కోణం ఎంత పెంచినా బలం తగ్గడమే తప్ప పెరగడం లేదు. డ్రిఫ్టింగులో కారు 30, 40 డిగ్రీలు అడ్డం తిరిగి పోతుంది. అంటే పరాకాష్ఠను దాటి చాలా దూరం వచ్చేసిందన్నమాట. గ్రిప్ పద్ధతిలో నడిపేవాడూ కొంచెం జారుతూనే ఉంటాడు, అయితే ఎక్కడ ఆగాలో అతనికి తెలుసు. కనుక ఇవి రెండూ వ్యతిరేకార్థకాలు కావు, ఒకే క్రియకు తరతమ భేదాలు.

టైరు పట్టు నెల జీతం వంటిది. అద్దెకు ఎక్కువ పోతే వెచ్చాలకు తక్కువ మిగులుతుంది. వెనుక చక్రాలను గిర్రున తిప్పి పొగ లేపడానికి పట్టులో సింహభాగం ఖర్చు చేసినవానికి మలుపు తిరగడానికి మిగిలేది కొంచెమే. చూసేవారికి కన్నులపండువగా ఉండే ఆ పొగ, కారును ముందుకు నెట్టవలసిన శక్తి టైరును కాల్చగా వచ్చినదే.

లెక్క కావాలన్నవారికి చిన్న లెక్క. 50 మీటర్ల వ్యాసార్ధం గల అర్ధవృత్తపు మలుపును ఊహించుకొనండి. ఘర్షణ గుణకం 1 అనుకొంటే కారు గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగంతో దానిని దాటగలదు. జారుడు వల్ల ఆ గుణకం 0.8కి పడిపోయిందనుకొంటే 71 కిలోమీటర్లకు మించి పోలేదు. ఆ మలుపు పొడవు 157 మీటర్లు. మొదటి కారుకు సుమారు 7.1 సెకన్లు పడితే రెండవదానికి 7.9 సెకన్లు. అటువంటి మలుపులు పది ఉంటే తేడా 8 సెకన్లు. పందెంలో ఎనిమిది సెకన్లంటే ముందున్నవాడు కనుచూపు మేరలో ఉండడు.

‘మరి పాతకాలపు మహావీరులందరూ కారు జారనిచ్చే గెలిచారు కదా’ అని మనుమడి ప్రశ్న. ప్రశ్న మంచిదే. 1930లలో ఇటలీ వీరుడు తాజియో నువొలారి నాలుగు చక్రాలనూ జారనిచ్చి మలుపులు దాటేవాడని ప్రసిద్ధి. 1970లలో జపానులో కునిమిత్సు తకహాషి కూడా జారుడు విద్యతోనే పేరు పొందాడు. అయితే నాటి టైర్లు వేరు. అవి ఎక్కువ కోణంలో జారినా పట్టు ఒక్కసారిగా వదిలేవి కావు. తరువాత వచ్చిన వెడల్పాటి రేడియల్ టైర్ల పట్టు ఎక్కువ, సహనం తక్కువ. టైరు మారింది, దానితోపాటు జవాబూ మారింది.

ఇక మట్టి, మంచుల సంగతి. వదులు కంకర మీద టైరు అడ్డంగా జారినప్పుడు దాని పక్కన మట్టి కుప్పపడి అడ్డుకట్టలాగా ఆనుకొంటుంది. పట్టు తారురోడ్డు మీద దొరికినంత ఎప్పుడూ దొరకదు కాబట్టి, కారు ముక్కును ముందే మలుపు చివరి వైపు తిప్పిపెట్టుకొని ఇంజను బలాన్ని అటు వాడుకోవడం లాభం. అందుకే ర్యాలీ వీరులు మొదట మలుపుకు ఎదురు వైపు ఒక్క విదిలింపు విదిలించి, ఆ ఊపుతో కారును లోపలికి తిప్పుతారు. దీనికి స్కాండినేవియన్ ఫ్లిక్ అని పేరు. తారురోడ్డు మీద కూడా మరీ ఇరుకైన హెయిర్‌పిన్ మలుపు వస్తే హ్యాండ్‌బ్రేకు లాగి కారును గిరుక్కున తిప్పేవారున్నారు. అది మినహాయింపు, సూత్రం కాదు. ర్యాలీలలో అడ్డంగా జారే దూకుడుకు పేరుపడిన కోలిన్ మెక్‌రే 1995లో ఒకసారి ప్రపంచ విజేత అయినాడు. పొందికగా, అనవసరపు జారుడు లేకుండా నడిపే సెబాస్టియన్ లోబ్ 2004 నుండి 2012 వరకు వరుసగా తొమ్మిదిసార్లు అయినాడు.

డ్రిఫ్ట్ అభిమానులకు ఆరాధ్యుడైన కెయీచి త్సుచియా, పైన చెప్పిన తకహాషి, మరొక సహచరుడు కలిసి 1995లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో హోండా కారుతో తమ తరగతిలో ప్రథములుగా నిలిచారు. ఇరవై నాలుగు గంటల పందెంలో టైర్లను పొగబెట్టుకొంటూ పోతే గెలుపు మాట దేవుడెరుగు, గమ్యం చేరడమే గగనం. విద్య తెలిసినవారు దానిని ఎక్కడ వాడకూడదో కూడా తెలిసినవారు. మా మనుమడికి ప్రాణమైన ‘ఇనిషియల్ డీ’ అన్న జపాను బొమ్మల కథలో తండ్రి కొడుకుకు కొండదారిలో కారు నడపడం నేర్పుతూ బండిలో నీళ్ళ కప్పు పెడతాడు. నీళ్ళు తొణకరాదు. మన ‘నిండుకుండ తొణకదు’ అన్న సామెతకు అంతకన్న చక్కని వ్యాఖ్యానం ఉంటుందా!

ఇంతమాత్రాన నేను డ్రిఫ్టింగును తక్కువ చేస్తున్నానని అనుకొనవద్దు. నా అసలు ఫిర్యాదు దాని అభిమానుల మీదనే. జపానులో 2001 నుండి డీ1 గ్రాండ్ ప్రి, అమెరికాలో 2004 నుండి ఫార్ములా డ్రిఫ్ట్ పోటీలు నడుస్తున్నాయి. అక్కడ గెలుపును నిర్ణయించేది గమ్యం చేరడానికి పట్టిన కాలం కాదు. కారు నడిచిన గీత, తిరిగిన కోణం, శైలి చూసి న్యాయనిర్ణేతలు తీర్పు చెబుతారు. అది కళ. అవధాని పద్యం ఎన్ని సెకన్లలో చెప్పాడని గడియారం పట్టుకొని కూర్చొంటామా? అవధాని చేతివ్రాత బాగున్నదని పొగడితే ఆయన సంతోషిస్తాడా? లేని గుణాన్ని ఆపాదించి పొగడితే ఉన్న గుణాన్ని చూడలేదనే అర్థం. రెండు కార్లు జానెడు దూరంలో ఒకదాని వెంట ఒకటి అడ్డంగా జారుతూ పోవడం అబ్బురమైన విద్య. దానికి వేగమనే అరువు నగ ఎందుకు?

ఈ అరువు నగతో ప్రమాదమూ ఉన్నది. మా మనుమడికి ఈ యేడే లైసెన్సు వచ్చింది. అరకు ఘాట్ రోడ్డులో ఇట్లా దిగితే త్వరగా దిగవచ్చునని మిత్రబృందంలో ఒకడు అన్నాడట. డ్రిఫ్ట్ చేసే కారుకు దారి వెడల్పంతా కావాలి. ఘాట్ రోడ్డులో ఆ వెడల్పులో సగం ఎదురు వచ్చేవానిది. ఆ వచ్చే బస్సులో ఎవరి పిల్లలున్నారో మనకేమి తెలుసు? అందుకే వానితో ‘వద్దు’ అని మాత్రమే అనలేదు, పైన చెప్పినదంతా కాగితం మీద లెక్కగట్టి చూపించాను. వద్దన్న పనిని పిల్లలు చాటుగా చేస్తారు. నెమ్మదైన పద్ధతి అని ఋజువైతే మాత్రం దానిమీద మోజు సగం చచ్చిపోతుంది. తక్కిన సగాన్ని మూసివేసిన మైదానంలో, శిక్షకుని పక్కన కూర్చోబెట్టుకొని తీర్చుకొనవచ్చు.

లెక్కలో పొరపాటుంటే ఇంజనీరు మిత్రులు నిస్సంకోచంగా దిద్దగలరు. ‘మరి వానలో ఎట్లా?’ అని మనుమడు కొత్త ప్రశ్న వేశాడు. తడిసిన తారుమీద పట్టు తగ్గుతుంది కాని సూత్రం మారదని చెప్పాను. వాడు ఇంకా ఒప్పుకొనలేదు.