ఏ ప్రతి ప్రమాణము?

కావ్యపాఠము చెప్పబోవు తెలుగు పండితుడు ముందుగా ఆ ముద్రణమును ఎవరు పరిష్కరించినారో చూచును. ప్రతికిని ప్రతికిని పాఠభేదములుండును. లేఖకుడు జారవిడిచిన పాదములుండును. నడుమ ఎవరో చొప్పించిన పద్యములుండును. 1829లో వేమన పద్యములను అచ్చువేయించిన బ్రౌను దొర ఎన్నో వ్రాతప్రతులను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచినాడని మన విద్యార్థులకు ఏటేటా చెప్పుచునే ఉన్నాము. అదే పండితుడు పిల్లలకు 'మాయాబజార్' చూపవలసి వచ్చినప్పుడు మాత్రము, చేతికి దొరికిన బిళ్లను యంత్రములో పెట్టి మీట నొక్కుచున్నాడు. సినిమాకు కూడ ప్రతులున్నవనియు, వాటికిని పాఠభేదములున్నవనియు మనకు తోచుట లేదు.

విజయా వారు నిర్మించగా కె.వి. రెడ్డి దర్శకత్వము వహించిన ఆ చిత్రము 1957 నాటిది. దాని ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. పడవ విహారపు పాటలోని వెన్నెల ఆయన సృష్టియే. ఆ వెన్నెలలో రంగు లేదు; ఉన్నదంతయు వెండి మెరుపు నుండి కాటుక నలుపు వరకు దిగివచ్చు మెట్లు. ఆ మెట్లలో ఎన్ని మిగిలినవన్నదే ఇంటి ప్రతులను పోల్చుటకు గీటురాయి.

వీడియో క్యాసెట్టులో ఆ మెట్లు కలిసిపోయి నీడలన్నియు ఒక్క బురదగా కనబడెడివి. తరువాత వి.సి.డి. వచ్చినది. దాని బొమ్మకు అడ్డముగా 352, నిలువుగా 288 చుక్కలు మాత్రమే. మూడు గంటల చిత్రమునకు మూడు బిళ్లలు కావలసివచ్చెడివి. నీటి అలలపై వెన్నెల గళ్లుగళ్లుగా విరిగెడిది. డి.వి.డి.కి 720 చుక్కలు, 576 వరుసలు. అనగా సుమారు నాలుగు రెట్లు. కాని చుక్కలు పెరిగినంతనే పాఠము శుద్ధమగునా? అరిగిన ప్రింటు నుండి తీసిన డి.వి.డి. ఆ ప్రింటు మీది గీతలను మరింత స్పష్టముగా చూపును, అంతే. ఇప్పుడు అంతర్జాలములో 1080 వరుసలని గొప్పగా వ్రాసి పెట్టుచున్నారు. పాత బిళ్లలోని బొమ్మనే ఊది పెద్దది చేసినచో ఆ అంకెకు అర్థమేమి? కొందరు గీతలతోపాటు ఫిలిముకు సహజమైన సన్నని రేణువులను కూడ తుడిచివేయుదురు. అప్పుడు సావిత్రి ముఖము మైనపు బొమ్మ ముఖమగును.

ఇంకొక విచిత్రమున్నది. సినిమా సెకండునకు 24 బొమ్మలు. మన దేశపు టెలివిజను పద్ధతి 25. ఆ పద్ధతిలో తయారైన ప్రతులలో 24ను 25గా పరుగెత్తించుట కలదు. నూరు నిమిషముల చిత్రము 96 నిమిషములకే ముగియును. శ్రుతి సరిచేయనిచో ఘంటసాల కంఠము కూడ కొంచెము పైకి పోవును. సంగీతము మాస్టారు మొదట తన హార్మోనియమునే అనుమానించును!

2010 జనవరి 30న రంగుల 'మాయాబజార్' విడుదలైనది. గోల్డ్‌స్టోన్ సంస్థ వారు బొమ్మకు రంగులు కల్పించి, శబ్దమును కూడ కొత్త పద్ధతికి మార్చినారు. జనము ఆదరించినారు. నలుపు తెలుపు అనగానే మొగము త్రిప్పుకొను పిల్లలు సైతము చూచినారు. ఆ మేలును కాదనను. కాని శశిరేఖ చీరకు ఆ రంగు నిర్ణయించినది బార్ట్లే కాదు, కళాదర్శకులైన గోఖలే, కళాధరులును కారు. అది వ్యాఖ్యానము. నన్నయ పద్యమునకు ఎవరైనను టీక వ్రాయవచ్చును. టీకను మూలమని అమ్మరాదు. మా ప్రాంతమున తాండూరు బండకు నునుపు పెట్టుట చూచినవారికి ఈ భేదము వేరుగ చెప్పనక్కరలేదు. రాతిలోని నీలిచాయను పైకి తెచ్చుట ఒక పని, రాతిమీద రంగు పూయుట వేరొక పని.

చట్రపు సంగతి మరింత ముఖ్యము. నాటి చిత్రము వెడల్పు, ఎత్తు సుమారు 4:3; నేటి టీవీ తెర 16:9. తెర నిండవలెనని పైనను క్రిందను కోసినచో బొమ్మలో నాలుగవ వంతు పోవును. కోయక అడ్డముగా లాగినచో ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచునకు లేని లావు వచ్చును. ఆయనకు ఆ సహాయము అక్కరలేదు. నన్నడిగినచో, గీతలున్నను నిండు చట్రము గల నలుపు తెలుపు డి.వి.డి.యే, కోతపడిన మెరుగు ప్రతికంటె నమ్మదగినది. గీత కంటికి అడ్డము వచ్చును గాని అబద్ధము చెప్పదు.

శుద్ధప్రతి అసాధ్యము కాదు. 1993లో లండనులో జరిగిన అగ్నిప్రమాదములో సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' నెగెటివు కాలిపోయినది. మిగిలిన కాలిన ముక్కలను బొలోన్యా నగరపు ప్రయోగశాలలో చక్కబరచి, లేని భాగములను ఇతర ప్రతుల నుండి పూరించి 2015లో ప్రదర్శించినారు. మన వైపున, 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషను, పూనాలో 1964లో ఏర్పడి ఇప్పుడు ఎన్.ఎఫ్.డి.సి.లో కలిసిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవు, మరికొందరు కలిసి 'దేవదాసు', 'మిస్సమ్మ', 'మాయాబజార్' మొదలుగా పది చిత్రములను దేశమంతట థియేటర్లలో చూపినారు. సంతోషమే. కాని ఆ ప్రదర్శనలు మూడు దినములు. మర్పల్లి విద్యార్థి పూనాకు పోయి రీళ్లు చూడలేడు. వానికి ఇంటిలో దొరికిన ప్రతియే మూలము. అది చెడినదైనచో బార్ట్లే ఇంతేనని వాడు అనుకొనును. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' నేడు చూడ దొరకదు. దానికి పాఠభేదముల చర్చయే లేకుండ పోయినది.

కనుక ప్రకాశకులు అట్టమీద నటీనటుల పేర్ల క్రింద నాలుగు పంక్తులు వ్రాయవలెను: ఇది నెగెటివు నుండి తీసినదా, ప్రింటు నుండియా, నిడివి ఎన్ని నిమిషములు, చట్రము నిండుగా ఉన్నదా, ఏమి తీసివేసినారు, ఏమి చేర్చినారు. వారు వ్రాయులోపల ఉపాధ్యాయ మిత్రులు చేయదగిన పని ఒకటి కలదు. ఇప్పుడు చాల ఉన్నత పాఠశాలలకు పెద్ద తెరలు వచ్చినవి గదా. ముందు దాని మీటతో చట్రమును 4:3కు మార్చి, ప్రక్కల నల్లని పట్టీలు వచ్చినను రానిండు. తరువాత పడవ పాటను రెండు ప్రతులలో వరుసగా చూపి, తేడాలను పిల్లలచేతనే వ్రాయించుడు.