సామాన్యుని రథం

ప్రదర్శనశాల అనగానే శిల్పాలు, నాణేలు, ఖడ్గాలు, తాళపత్ర గ్రంథాలు మనస్సులో మెదులుతాయి. మోటారు వాహనాల కోసం కూడా ప్రత్యేకమైన ప్రదర్శనశాలలు ఉంటాయన్న ఊహ చాలామందికి కలగదు. నిన్నమొన్నటి దాకా వీధుల్లో తిరిగిన కారునో, మోటారు సైకిలునో అద్దాల గదిలో నిలిపి చూడవలసిన అవసరమేమిటని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్న సహజమైనదే. అయితే గడచిన నూట నలభై ఏళ్ళలో మనిషి నివాసాన్ని, వృత్తిని, కాలగణనను, బంధుత్వాలను సైతం ఈ యంత్రం మార్చినంతగా మార్చిన వస్తువులు అరుదు. కనుక దాని చరిత్రను భద్రపరచడం అవసరమే. ఆ చరిత్రలో ఎవరెవరికి చోటు దక్కుతున్నది, ఎవరికి దక్కడం లేదు అన్నదే ఆలోచించవలసిన విషయం.

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం ప్రభువుల వాహనాలు కొలువుతీరి ఉన్నాయి. వాటిలో సందర్శకుల చూపులను మొదట ఆకట్టుకొనేది పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దానిని ఇంగ్లండులో ప్రత్యేకంగా తయారు చేయించారు. 1911లో ఆయన మరణించారు. కారు హైదరాబాదు చేరేనాటికి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పరిపాలన సాగుతున్నది. వెనుకభాగంలోని ఎత్తయిన ఆసనం సింహాసనాన్ని తలపిస్తుంది. ఊరేగింపులకు, ఉత్సవాలకు ఉద్దేశించిన వాహనం కావడం వల్ల అది నడిచిన దూరం చాలా స్వల్పం. దాని పనితనం కన్నులపండువుగా ఉంటుంది. దానిని చూసి ఆనందించడంలో తప్పు లేదు. అయితే చూడడం వేరు, చదవడం వేరు. శాసనాన్ని చదివినట్లే వాహనాన్ని కూడా చదవవచ్చు.

జర్మనీలో కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు కోరుతూ దరఖాస్తు చేశాడు. గుర్రం లేని బండిని నమ్మి ఎక్కడానికి జనం జంకారు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు చెప్పకుండానే ఆ బండిలో మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు సుమారు నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసింది. దారిలో ఇంధనం తరిగిపోతే వీస్లోఖ్ పట్టణంలోని మందుల దుకాణంలో కొన్నది. ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకొనే సూదితో శుభ్రపరచింది. బ్రేకు దిమ్మెలు అరిగితే చెప్పులు కుట్టే వానిచేత వాటికి తోలు తొడిగించింది. యంత్రం కనిపెట్టినవాని పేరు లోకమంతా ఎరుగును. దానిని దారిమీద నిలబెట్టిన ఇల్లాలిని, బ్రేకుకు తోలు తొడిగిన చర్మకారుని ఎరిగినవారు తక్కువ. మోటారు వాహన చరిత్రలో ఈ అన్యాయం తొలి ప్రయాణం నాటినుండే ఉన్నది.

పాత వాహనంలోని ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క కథ ఉన్నది. ముందుభాగాన వేలాడే ఇనుప హ్యాండిలును చేతితో బలంగా తిప్పితే తప్ప తొలినాటి కార్లు కదిలేవి కావు. అది ఒక్కొక్కసారి వెనక్కు తన్ని చేతి ఎముకలు విరిచేది. 1912లో అమెరికాలోని కాడిలాక్ కార్లలో విద్యుత్తుతో పనిచేసే స్టార్టరును అమర్చారు. కండబలం లేనివారికి కూడా వాహనం లొంగినది ఆ తర్వాతనే. ఆనాటి దీపాలలో కొన్నింటికి బ్యాటరీతో పని లేదు. కాల్షియం కార్బైడ్ మీద నీటిబొట్లు పడగా వెలువడే ఎసిటిలీన్ వాయువే వాటికి ఇంధనం. రసాయనశాస్త్ర పాఠంలో సమీకరణంగా కనిపించే చర్య ఇక్కడ చీకటి దారిలో వెలుగై కనిపిస్తుంది. ఇంకొక పక్క ఫోర్డ్ మోడల్ టి కారు. 1908లో వెలువడిన ఆ కారు తయారీకి 1913లో కదిలే అసెంబ్లీ లైను పద్ధతిని ప్రవేశపెట్టగా, అంతవరకు పన్నెండు గంటలకు పైగా పట్టిన చాసిస్ కూర్పు సుమారు గంటన్నరకు తగ్గింది. తొలుత 850 డాలర్లున్న ధర తరువాతి కాలంలో 300 డాలర్లకు లోపుగా దిగివచ్చింది. 1927 నాటికి కోటిన్నర కార్లు తయారయ్యాయి. అందంలో అది రాజుల కారుతో పోటీపడలేదు. కాని సామాన్యుని వాకిట నిలిచింది.

యంత్రాన్ని చదవడం అంటే ఏమిటో నిరూపించిన మహనీయుడు ఒకరు మనకు సన్నిహితుడే. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించిన జి. డి. నాయుడు యౌవనంలో ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలును చూసి ముగ్ధుడయ్యారు. హోటలులో పనిచేసి, రూపాయి రూపాయి కూడబెట్టి దానిని కొన్నారు. కొన్న తరువాత ఆయన చేసిన పని ఊరేగడం కాదు. దాని భాగాలన్నీ విప్పి, తిరిగి అమర్చి, అది ఎలా నడుస్తున్నదో గ్రహించారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య రవాణా ప్రారంభించి, దానినే పెద్ద సంస్థగా తీర్చిదిద్దారు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి విద్యుత్ మోటారును రూపొందించారు. ఆ కుటుంబం సేకరించిన వాహనాలతో 2015లో కోయంబత్తూరులో జీడీ కార్ మ్యూజియం వెలసింది. ఆ పట్టణం ఈనాడు పంపులకు, మోటార్లకు, వర్కుషాపులకు పేరుగాంచింది. ఆ కీర్తి వెనుక, విప్పి చూడాలన్న ఒక యువకుని కుతూహలానికి కూడా పాత్ర ఉన్నది.

వాహన ప్రదర్శనశాలలలో సాధారణంగా కనిపించే సూచికా ఫలకాల మీద తయారీ సంస్థ పేరు, సంవత్సరం, అశ్వశక్తి, యజమాని పేరు ఉంటాయి. దానిని నడిపిన డ్రైవరు పేరు, నలభై ఏళ్ళపాటు బాగుచేసిన మెకానిక్కు పేరు ఎక్కడో తప్ప కనిపించవు. ఈ వైఖరి కొత్తది కాదు. మన పురాణేతిహాసాలలో రథికుని పేరు మారుమ్రోగింది. రథకారుని, సారథిని లోకం చిన్నచూపు చూసింది. కర్ణునివంటి మహావీరుని అవమానించదలచినవారికి అతడు సూతుని ఇంట పెరిగాడన్న మాటే ఆయుధమైంది. అయితే మహాభారతమే ఆ చిన్నచూపుకు సమాధానం కూడా చెప్పింది. సాక్షాత్తు శ్రీకృష్ణుడు అర్జునుని రథం మీద పగ్గాలు పట్టి కూర్చున్నాడు. నన్నయ తెలుగు చేసిన నలోపాఖ్యానంలో రాజ్యం కోల్పోయిన నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని కొలువులో అశ్వాలను పోషించాడు. దమయంతి అతని ఉనికిని పసిగట్టడానికి ఆ రథవేగం ఒక ఆధారమైంది. నైపుణ్యమే మనిషికి ఆనవాలు అన్న సత్యం అందులో ఉన్నది. ఆ సత్యం మన ఫలకాలకు ఇంకా ఎక్కలేదు.

అట్లే, ప్రదర్శనశాలలలో రాజుల, జమీందారుల, ధనవంతుల వాహనాలకు దొరికినంత చోటు ప్రజలు వాడిన వాహనాలకు దొరకడం లేదు. తెలుగు ప్రాంతాల సంగతే చూడవచ్చు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే ఆధ్వర్యంలో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలయింది. ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే ‘జడ్’ అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని ప్రతీతి. పల్లెలోని విద్యార్థిని కళాశాలకు, రోగిని ఆసుపత్రికి, రైతును మార్కెట్టుకు, ఆడపడుచును పుట్టింటికి చేర్చింది ఆ బస్సే. రాజుగారి కారు తన జీవితకాలమంతా నడిచిన దూరాన్ని దూరప్రాంతపు బస్సు కొద్దిరోజులలోనే నడుస్తుంది. చరిత్రను మార్చిన వాహనం ఏదని అడిగితే, నిస్సందేహంగా బస్సు పేరే చెప్పవలసి ఉంటుంది.

ద్విచక్ర వాహనాల కథ కూడా ఇటువంటిదే. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ తయారీ ఆరంభమయింది. 1961లో మైసూరు కర్మాగారం నుండి జావా మోటారు సైకిళ్ళు వెలువడ్డాయి. వాటిలో ఇంజనును కదిలించే కిక్కు రాడ్డే గేరు మార్చే మీటగా కూడా పనిచేసేది. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటరుకు రాణాప్రతాపుని గుర్రం పేరు పెట్టారు. దానిని బుక్ చేసుకొని కుటుంబాలు ఏళ్ళ తరబడి ఎదురుచూసేవి. ముందు చిన్నబిడ్డను నిలబెట్టుకొని, వెనుక భార్యను, ఆమె ఒడిలో ఇంకొక బిడ్డను కూర్చోబెట్టుకొని సాగిపోయే ఉద్యోగస్థుడు ఒక తరానికి పరిచితమైన దృశ్యం. కదలనప్పుడు స్కూటరును ఒక పక్కకు వంచి మళ్ళీ కిక్కు కొట్టడం ఆ ఇంటివారందరికీ తెలిసిన విద్య. అంబాసిడరు కారు దశాబ్దాలపాటు మంత్రిని, పెండ్లికుమారుని, టాక్సీ ప్రయాణికుని ఒకే తీరున మోసి, 2014లో ఉత్పత్తి నిలిచిపోయింది. ఇవన్నీ మొన్నటివి. మొన్నటివి కావడం వల్లనే ఎవరూ దాచడం లేదు. దాచవలసినవని గుర్తించేనాటికి అవి మిగలకపోవచ్చు.

పాత వాహనాలను ఇంతగా కీర్తించడం తగునా అన్న ఆక్షేపణ ఉన్నది. అది కొట్టిపారేయదగినది కాదు. ఆ వాహనాలు పొగ చిమ్మాయి. సీసం కలిపిన పెట్రోలు దశాబ్దాలపాటు గాలిని విషపూరితం చేసింది. మన దేశంలో దానిని పూర్తిగా నిలిపివేసినది 2000 సంవత్సరంలోనే. తొలినాటి కార్లలో ప్రయాణికునికి రక్షణ నామమాత్రం. ఇప్పుడు అందరూ ఎరిగిన మూడు బిందువుల సీటు బెల్టును వోల్వో సంస్థ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించగా, 1959లో అది కార్లలోకి వచ్చింది. ఆ సంస్థ తన పేటెంటును ఇతర తయారీదారులు కూడా వాడుకోనిచ్చింది. నిజమైన ప్రదర్శనశాల మెరుగుపెట్టిన ఇత్తడి దీపాన్ని మాత్రమే చూపి ఊరుకోరాదు. పొగను గురించి, ప్రమాదాలను గురించి, వాటినుండి మనిషి నేర్చుకున్న పాఠాలను గురించి కూడా చెప్పాలి. దోషాలను దాచిన చరిత్ర స్తోత్రపాఠంగా మిగులుతుంది.

ప్రభుత్వం ఈ విషయంలో కొంత ముందడుగు వేసింది. 2021లో చేసిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న వాహనాలను వింటేజి వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. వాటికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు లభిస్తుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు తప్ప నిత్యప్రయాణానికి వాటిని వాడరాదు. ఈ ఏర్పాటు మెచ్చదగినదే. కాని ఇది సొంతానికి వాడుకొనే ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకే వర్తిస్తుంది. బస్సు, లారీ, ఆటో దీని నీడకు రావు. అదే 2021లో పాత వాహనాలను తుక్కుగా మార్చే విధానం కూడా ప్రకటితమయింది. కాలుష్యం తగ్గడానికి అది అవసరమే. లక్ష బండ్లు తుక్కుకు పోవడంలో చింత లేదు. ఆ లక్షలో ఒక్కటైనా భావితరాల కోసం మిగలాలి.

ఇందుకు కోట్ల ధనం అక్కరలేదు. ప్రతి జిల్లా కేంద్రంలో ఒక పాత బస్సును, ఒక స్కూటరును, ఒక ఆటోను నిలిపి ఉంచడానికి ఒక షెడ్డు చాలు. పారిశ్రామిక శిక్షణ సంస్థలలోని విద్యార్థులు వాటిని విప్పి, తుడిచి, నూనె పోసి, నడిచే స్థితిలో ఉంచగలరు. దానివల్ల వాహనమూ నిలుస్తుంది, విద్యా నిలుస్తుంది. ఇంజను చప్పుడు విని లోపం చెప్పగల వృద్ధ మెకానిక్కులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వారి విద్యకు గ్రంథం లేదు. వారి నోటిమాటను విద్యార్థులు అడిగి రాసుకుంటే అదే గ్రంథమవుతుంది. జి. డి. నాయుడు కుతూహలానికి ఒక్క మోటారు సైకిలు సరిపోయింది. అటువంటి కుతూహలం గల యువకులు, యువతులు మన పల్లెలలో లేరని ఎవరు చెప్పగలరు?

రాజుల రథాలను కాపాడుకోవడం అవసరమే. వాటి సరసన సామాన్యుని రథానికి కూడా చోటు దొరకాలి. దాని పక్కన ఉంచే ఫలకం మీద తయారుచేసిన సంస్థ పేరుతోపాటు నడిపినవాని పేరు, బాగుచేసినవాని పేరు చేరాలి. ఆనాడు బస్సు టిక్కెట్టు తప్ప మరి దేనినీ కొనలేని ఇంటినుండి వచ్చిన విద్యార్థి సైతం ఆ వాహనం ముందు నిలిచి, ఈ చరిత్రలో తన తాత కూడా ఉన్నాడని గ్రహిస్తాడు.